అద్దంలో రెండు వందల నలభై

ఓదెలు దేన్నీ ఊరికే నమ్మడు. గ్యాస్ సిలిండర్ ఇంటికొస్తే ఎత్తి బరువు చూసుకుంటాడు. బస్సు బోర్డు చదివే ఎక్కుతాడు, ఎక్కాక కండక్టర్‌ను మళ్లీ అడుగుతాడు. పుచ్చకాయను మూడు చోట్ల తట్టి, అమ్మేవాడి మొహం కూడా ఒకసారి చూసి, కొనకుండా వచ్చేస్తాడు.

"పెండ్లిచూపులల్ల నా పండ్లు లెక్కపెట్టిండు ఈ మనిషి" అని అతని భార్య కనకమ్మ కొండాపూర్ చేపల మార్కెట్లో అందరికీ చెబుతుంది. అక్కడ ఆమె కత్తిపీట ముందు కూర్చుని, కొన్నవాళ్ల చేపలకు పొలుసు తీసి ముక్కలు కోసి ఇస్తుంది.

ఆ గుణం ఓదెలుకు తండ్రి నుంచి వచ్చింది. వాళ్లది పెద్దపల్లి దిక్కు. ఊళ్లో ముదిరాజులకు ఒక సంఘం, సంఘానికి ఒక చెరువు. వానలు పడి చెరువు నిండాక చేపపిల్లల లారీ వచ్చేది. సంచుల్లో నీళ్లు, నీళ్లలో వెంట్రుకల్లాంటి పిల్లలు. లక్ష ఉన్నాయని లారీవాడు చెప్పేవాడు. తండ్రి మల్లయ్య కట్ట మీద కూర్చునేవాడు. జాలి గిన్నెతో ఒక్క గిన్నెడు ముంచి, వెడల్పు పళ్లెంలో పోసి, ఒక్కొక్కటీ లెక్కపెట్టేవాడు. అట్లా మూడు గిన్నెలు. ఆ తర్వాత మిగతావన్నీ గిన్నెలతోనే కొలిచేవాడు. గిన్నెకో చింతగింజ ఒళ్లో వేసుకునేవాడు. ఎండెక్కేది. లారీవాడు విసుక్కునేవాడు. లక్ష ఏ ఏడూ లక్ష కాలేదు.

"సంచి మీది అంకె సంచిది. చెరువుల పడ్డదే మనది" అనేవాడు మల్లయ్య.

ఓదెలు పట్నం వచ్చి పదహారేళ్లు. మొదట కోకాపేట దగ్గర సెంట్రింగ్ పని చేశాడు. నడుం పట్టేశాక చీపురు పట్టాడు. ఇప్పుడు హైటెక్ సిటీలో పన్నెండంతస్తుల ఒక ఆఫీసుకు లాబీ ఊడ్చే పని అతనిది. ఉదయం ఆరు నుంచి మధ్యాహ్నం మూడు దాకా. జీతమిచ్చేది ఆ ఆఫీసు కాదు, మనుషుల్ని పంపే ఏజెన్సీ. ఏజెన్సీకి ఒక వాట్సాప్ గ్రూపు ఉంది. మాదాపూర్ నుంచి కోకాపేట దాకా సూపర్‌వైజర్లంతా అందులో ఉంటారు. ఎవరి మీదనైనా మాట పడితే ఫొటో అందులో పడుతుంది. కింద ఒకే మాట ఉంటుంది: తీసుకోవద్దు. పోయిన ఏడు ఒకామె సంచిలో టిష్యూ కాగితాల కట్ట దొరికింది. ఆ ఫొటో పడ్డాక ఆమెకు ఏ గేటూ తెరుచుకోలేదు. ఆమె ఇప్పుడెక్కడుందో ఎవరికీ తెలియదు.

ఈ ఏడు ఎండలు తగ్గాక లాబీలో అద్దపు తొట్టి కట్టారు. ఇరవై అడుగుల పొడవు, మనిషెత్తు. పై అంతస్తు పెద్దసారు ఎక్కడో అలాంటిది చూసి వచ్చాడట. ఉప్పు డబ్బాల్లో వచ్చింది. నీళ్లు పైపులో వచ్చాయి. సముద్రాన్ని అక్కడే కలిపారు. ఎవరూ చూడనప్పుడు ఓదెలు వేలు ముంచి నాలుకకు రాసుకున్నాడు. ఉప్పగానే ఉంది. అయినా నమ్మకం కుదరలేదు.

తొట్టి పని యశ్వంత్‌ది. భీమవరం నుంచి వచ్చి కూకట్‌పల్లిలో చేపల తొట్ల దుకాణం పెట్టుకున్నవాడు. ముప్పై దాటి ఉండవు. తెల్లగా కడిగిన రాళ్లు పేర్చి, మధ్యలో ఒక పెద్ద రాయి నిలబెట్టాడు. అది ఒక్కటే నల్లగా, తొర్రలు తొర్రలుగా ఉంది.

"గిదొక్కటి గిట్లెందుకుంది సారు?" అని ఓదెలు అడిగాడు.

"డిజైనండి" అన్నాడు యశ్వంత్.

నెలన్నర నీళ్లు ఊరికే తిరిగాయి, పాచి తినేందుకు వేసిన నత్తలు తప్ప తొట్టిలో ఏమీ లేవు. తర్వాత ఒక ఉదయం చేపలు వచ్చాయి. లేత ఆకుపచ్చ రంగు, బొటనవేలంత. సంచుల్లో నుంచి టబ్బుల్లోకి వంచి, తొట్టి నీళ్లు చుక్కచుక్కగా కలుపుతూ రెండు గంటలు ఉంచారు. ఆఫీసు బాగోగులు చూసే మేడమ్ కృష్ణప్రియ వచ్చి నిలబడింది. ఓదెలు తుడిచే కర్ర గోడకు ఆనించి దగ్గరికి పోయాడు.

"ఎన్ని సారు?"

"రెండొందల యాభై అండి."

"లెక్కపెట్టి ఇడుద్దమా?"

యశ్వంత్ నవ్వాడు. "ఇవి చేపలు బాబాయ్. నిలబడమంటే నిలబడవు."

"మేం నిలబెడ్తం."

కృష్ణప్రియకు ఆ మాట నచ్చింది. ఆమెది ప్రొద్దుటూరు. ఆఫీసులో అందరితో ఇంగ్లీషు, ఓదెలుతో మాత్రం ఊరి మాట. "పెట్టనీండి సార్. ఆయనకేదో తెలిసినట్టుండాది" అంది.

ఓదెలు చిన్న జగ్గుతో ముంచి, చూసి, తొట్టిలో వంచాడు. పది చేపలకొక చింతగింజ కుడి జేబులో నుంచి ఎడమ జేబులోకి మార్చాడు. చింతగింజలు అతని జేబులో ఎప్పుడూ ఉంటాయి. గంట పట్టింది. ఐడీ కార్డులు మెడలో వేసుకున్న పిల్లలు కొందరు ఆగి ఫోన్లలో తీసుకున్నారు. చివరికి ఎడమ జేబులో ఇరవై నాలుగు గింజలున్నాయి.

"రెండొందల నలభై" అన్నాడు ఓదెలు. "పది తక్కువ."

యశ్వంత్ మొహం ఎర్రబడింది. "దార్లో కొన్ని పోయుంటాయండి" అన్నాడు మేడమ్‌తో. ఓదెలు వైపు చూడలేదు.

"ఓదెలూ, ఇంక ప్రతి సోమవారం లెక్క నువ్వే చెప్పాల నాకు" అంది కృష్ణప్రియ.

ఆ సాయంత్రం ఓదెలు ఇంటికి కొంచెం నిటారుగా నడిచి పోయాడు.

ఈదే చేపల్ని లెక్కపెట్టడం ఎవరి వల్లా కాదు. ఓదెలు దానికీ ఒక దారి కనిపెట్టాడు. తొమ్మిదింటికి తొట్టి దీపాలు వెలిగి మేత పడగానే చేపలన్నీ ఎడమ మూలకు ఎగబడతాయి. మేత అయ్యాక నల్లరాయికీ అద్దానికీ మధ్య సందులో నుంచి వరసగా వెనక్కి పోతాయి. ఆ సందు దగ్గర నిలబడి గింజలు మారుస్తాడు. రెండుసార్లు, ఒక్కోనాడు మూడుసార్లు.

మొదటి సోమవారం రెండు వందల నలభై. రెండో సోమవారం రెండు వందల ముప్పై మూడు. మూడో సోమవారం రెండు వందల ఇరవై ఒకటి.

నీళ్ల మీద ఒక్క చేపా చచ్చి తేలలేదు. తొట్టి చుట్టూ నేల మీద ఒక్కటీ పడి లేదు. నేల సంగతి ఓదెలు కంటే ఎవరికి తెలుసు.

యశ్వంత్ వచ్చి నీళ్లు పరీక్షించాడు. "బంగారంలా ఉన్నాయండి నీళ్లు. చచ్చిపోతే తేలాలి కదండీ. మరెక్కడికి పోతాయి, మెట్రో ఎక్కి?" అన్నాడు. ఎవరితోనూ కాదన్నట్టు, "వీళ్లావిడ చేపల మార్కెట్లో ఉంటుందంట కదండీ" అన్నాడు.

మర్నాడు కృష్ణప్రియ ఓదెలును పిలిచింది.

"నేనేమీ అనడంల్యా ఓదెలూ. పోయేటప్పుడు నీ డబ్బా గేట్లో చూపించి పో. అంతే."

"మేడమ్, బొటనేలంత చేప. పోయినయన్నీ కలిపి వండితె గంటెడు రాదు."

"కూరకే అని ఎవరన్నారప్పా? ఇట్లాంటివి ఇండ్లల్లో పెంచుకునేవాళ్లు కొంటారంట."

ఆ రోజు నుంచి మధ్యాహ్నం మూడింటికి బేస్‌మెంట్ గేటు దగ్గర అతని క్యారేజీ మూడు గిన్నెలూ విప్పి చూశారు. నీళ్ల సీసా వెలుతురుకు పట్టి చూశారు. వెనక లైనులో నిలబడ్డ తోటివాళ్లు వేరే దిక్కు చూశారు.

ఇంట్లో కనకమ్మ ఊరుకోలేదు.

"ఎవడడిగిండయ్యా నిన్ను లెక్క? ఆయనేదో చెప్పె, మేడమ్ నమ్మె. నడుమల నువ్వెవనివి?"

"పది తక్కువుండె."

"ఉండనీ. నీ చెరువా? నువ్వు నోరు మూస్కుంటె తగ్గినయని ఎవనికెర్క? నువ్వే లెక్కపెడ్తివి, నువ్వే తగ్గినయంటివి, ఇప్పుడు నిన్నే పట్టుకునిరి. ఇగ సోమారం రెండొందల నలభై అని చెప్పు. అయిపాయె."

"ఎట్ల చెప్తనే? కండ్లతోని చూసినంక."

"దొంగ గిట్ల చెప్తడా అని ఆలోచించరా వాళ్లు?"

"ఆలోచించిన్రు. అదే తెలివంటున్రు."

నాలుగో సోమవారం రెండు వందల నాలుగు. ఓదెలు అదే చెప్పాడు. కృష్ణప్రియ కుర్చీలో వెనక్కి వాలింది. పెద్దసారు అడుగుతున్నాడని, ఇక తన చేతుల్లో లేదని చెప్పింది. వచ్చే సోమవారానికి ఇంకా తగ్గితే అతన్ని ఏజెన్సీకి తిప్పి పంపుతుంది. కారణం రాసి పంపాలి.

ఓదెలుకు గ్రూపు గుర్తుకొచ్చింది. తన ఫొటో ఏది వేస్తారో కూడా తోచింది. చేరిననాడు తెల్లగోడ ముందు నిలబెట్టి తీసింది. అందులో అతని కళ్లు మూసుకుపోయి ఉంటాయి.

"నువ్వు కాదంటే నేను నమ్ముతా" అంది కృష్ణప్రియ. "మరి ఇంకెవరు? నువ్వొచ్చే పొద్దుకు లాబీలో ఎవరుంటారు?"

లాబీలో ఉండేది పెంటయ్య. రాత్రి కాపలా. ఏడింటికి దిగిపోతాడు. జనగామ మనిషి, ఓదెలు కంటే పదేళ్లు పెద్ద. మూడేళ్లుగా రోజూ ఆరున్నరకు ఇద్దరూ ఒక చాయ్ రెండు కప్పుల్లో పోసుకుంటారు. అతని వేలికి ఇనుప ఉంగరం ఉంది. చేపలు వచ్చిన కొత్తలో ఆ ఉంగరంతో అద్దం మీద కొట్టి వాటిని పిలవబోతే యశ్వంత్ కోప్పడ్డాడు. ఆ నెలలోనే ఒకనాడు, "మా మనుమరాలికి ఒక్కటి తీస్కపోతె ఎంత సంబురపడ్తదో తమ్మి" అన్నాడు. అప్పుడు ఓదెలు నవ్వాడు.

తర్వాత నవ్వలేదు. ఎందుకంటే పొద్దున్నే, తొట్టి దీపాలు వెలగకముందు, అటు మూల తుడుస్తుంటే అద్దం మీద ఉంగరంతో కొట్టిన చప్పుడు వినిపించేది. టక్. తిరిగి చూస్తే పెంటయ్య తన బల్ల దగ్గరే కూర్చుని ఉండేవాడు, ఏమీ ఎరగనట్టు. ఓదెలు అడగలేదు. చాయ్ తాగుతూ ఆ ఉంగరం వైపే చూసేవాడు. పెంటయ్య సంచి జిప్పు వేసి ఉందా లేదా చూసేవాడు. రెండు వారాలుగా చాయ్ రుచి తెలియలేదు.

"పెంటయ్య ఉంటడు మేడమ్" అన్నాడు ఓదెలు. నేల వైపు చూస్తూ, "అద్దం కొడ్తుంటడు. ఒకటి గావాలన్నడు, మనుమరాలికి" అన్నాడు.

మాట అయిపోయింది. కృష్ణప్రియ తల ఊపి ఫోను తీసింది.

మర్నాడు లాబీ బల్ల ఖాళీగా ఉంది. పెంటయ్యను బేస్‌మెంట్ గేటుకు మార్చారు, పగటి డ్యూటీకి. అక్కడ జనరేటర్ పొగ, కార్ల వేడి. హౌస్‌కీపింగ్ వాళ్ల సంచులు చూసే గేటు అదే. లాబీకి కొత్త మనిషి ఇంకా రాలేదు.

మధ్యాహ్నం మూడింటికి ఓదెలు లైనులో నిలబడ్డాడు. వంతు వచ్చింది. పెంటయ్య స్టూలు మీద కూర్చుని ఉన్నాడు.

"తెరువు" అన్నాడు.

ఓదెలు మూడు గిన్నెలూ విప్పాడు. పెంటయ్య ఒక్కోదాన్నీ చూశాడు. ఉంగరం వేలు గిన్నె అంచుకు తగిలి చిన్నగా మోగింది.

"పో."

గురువారం పొద్దున ఓదెలు ఒక్కడే లాబీలో ఉన్నాడు. బయట చినుకులు. తలుపులు ఇంకా తెరవలేదు. ఎస్కలేటర్ ఆగి ఉంది. అతను తొట్టికి ఇరవై అడుగుల దూరంలో వంగి నేల తుడుస్తున్నాడు.

టక్.

నిలబడ్డాడు. బల్ల వైపు చూశాడు. కుర్చీ ఖాళీ.

టక్. టక్.

కర్ర చేతిలో పట్టుకునే తొట్టి దగ్గరికి నడిచాడు. నీళ్లు చీకటిగా ఉన్నాయి. చేపలు కుడి చివరన పైకి గుమిగూడి ఉన్నాయి, నల్లరాయికి ఎంత దూరం కాగలవో అంత దూరంగా. ఫోను వెలుతురు రాయి మీద వేశాడు. అడుగున, ఇసుకకు ఆనుకుని, ఒక తొర్ర. దాని నోటి ముందు ఇసుక సాపుగా ఉంది. ఒక పక్కకు నత్తగుల్లల ముక్కలు కుప్పగా ఉన్నాయి, ఎవరో ఊడ్చి పెట్టినట్టు. ఊడ్చే మనిషికి ఇంకొకరు ఊడ్చిన జాగా తెలుస్తుంది. ఓదెలు ఆ కుప్పను చాలాసేపు చూశాడు.

లోపల ఏదో ఉంది. అది రోజూ వాకిలి శుభ్రం చేసుకుంటోంది.

వెంటనే అతనికి పెంటయ్య బల్ల మీద చేతులు పెట్టుకుని కూర్చున్న తీరు గుర్తొచ్చింది. ఏమీ ఎరగనట్టు కాదు. నిజంగానే ఏమీ ఎరగడు.

సోమవారం పొద్దున ఎనిమిదిన్నరకు కృష్ణప్రియను రమ్మని బతిమాలాడు. ఆమె యశ్వంత్‌ను కూడా పిలిచింది. కనకమ్మ ఇచ్చిన రొయ్య ముక్కను ఓదెలు నల్లదారానికి కట్టుకుని వచ్చాడు.

"రాయిల ఉంది మేడమ్. చెరువు కట్టల ఎండ్రికాయను గిట్లనే గుంజేటోళ్లం."

"అన్నీ కొత్త రాళ్లండి" అన్నాడు యశ్వంత్. "కడిగి ఎండబెట్టినవి. చీమ కూడా ఉండదు. తొట్టిలో చేతులు పెట్టనివ్వకండి మేడమ్, నీళ్లు పాడవుతాయి."

"చేతులు పెట్ట సారు. దారమే."

నిచ్చెన ఎక్కి దారం దించాడు. రొయ్య ముక్క తొర్ర ముందు ఆగింది. ఓదెలు దారాన్ని కొంచెం కదిపాడు, ఆపాడు, మళ్లీ కదిపాడు. తొర్రలో రెండు కళ్లు లేచాయి, కాడల మీద, ఒకటి అటు, ఒకటి ఇటు తిరుగుతూ. లోపలి నుంచి ఏదో గుద్దినట్టు దారం చివర ముక్క ఎగిరి అద్దానికి తగిలింది. టక్‌మన్న చప్పుడు ముగ్గురికీ వినిపించింది.

"అబ్బా!" అంది కృష్ణప్రియ వెనక్కి జరిగి. "అదేంది సార్?"

యశ్వంత్ అద్దానికి మొహం ఆనించి తొర్రలోకి చూశాడు. "రొయ్య జాతిదేనండి" అన్నాడు చివరికి. "ముందరి కాళ్లతో గుద్దుద్ది. నత్తలూ, పీతలూ, చేపలూ... దొరికింది లోపలికి లాక్కుంటుంది. ముదిరితే అద్దం కూడా బీటలిస్తది."

"కడిగి ఎండబెట్టిన రాయిలోకి ఎట్లొచ్చె?" అంది కృష్ణప్రియ.

"అది... గచ్చిబౌలిలో ఓ హోటలు ఎత్తేశారండి. వాళ్ల తొట్టిలోది ఆ రాయి. తడిగానే తెచ్చాం. చూడ్డానికి బాగుంటుందని, ఒక్క రాయే కదా అని."

నల్లరాయిని ఇద్దరు మనుషులు పైకి తీసి టబ్బులో పెట్టారు. మంచినీళ్లు పోశారు. కాసేపటికి అది తనంతట తానే బయటికి వచ్చింది. చూపుడువేలి కంటే కొంచెం పొడవు, ఆకుపచ్చ, మీద ఎర్రటి చుక్కలు. ఓదెలు టబ్బు మీదికి వంగి చూశాడు. అటువంటిది ఉంటుందని అతను కూడా నమ్మి ఉండేవాడు కాదు.

తొమ్మిదింటికి మేత వేశారు. ఓదెలు గింజలు మార్చాడు. నూట తొంభై మూడు.

"నీ తప్పేమీ లేదని ఏజెన్సీకి రాసి పంపిస్తాలే" అంది కృష్ణప్రియ. గొంతు మెత్తగా ఉంది. "నువ్వు మనసులో పెట్టుకోవద్దు ఓదెలూ."

"పెంటయ్యది గూడ రాయుండ్రి మేడమ్."

ఆమె ఫోనులో నుంచి తలెత్తింది. "పెంటయ్యది ఏం రాయాల? ఆయన పేరు నేను యాడా రాయలేదప్పా. ఊరికే డ్యూటీ మార్చినాం. ఆయన పేరు చెప్పింది నువ్వే కదా."

ఓదెలు నిలబడ్డాడు. అవును. రాసింది ఉంటే కొట్టేయవచ్చు.

"మళ్లా పైకి పిలిపిస్తాలే, కొత్త మనిషి రాకుంటే" అంటూ ఆమె లిఫ్టు వైపు నడిచింది.

ఆ మధ్యాహ్నం గేటు దగ్గర పెంటయ్య లేడు, భోజనానికి పోయాడన్నారు. ఓదెలు కాసేపు నిలబడి వెళ్లిపోయాడు. ఇంట్లో కనకమ్మకు జరిగింది చెప్పాడు. రొయ్య జాతిదాని సంగతి చెప్పినంతసేపూ ఆమె నోరు తెరిచి విన్నది. పెంటయ్య సంగతి చెప్పాక మూసింది. మర్నాడు తెల్లవారి లేచేసరికి పొయ్యి మీద కొర్రమట్ట చేపల కూర ఉడుకుతోంది.

పగటి డ్యూటీ ఆరింటికి ఎక్కుతుంది. ఓదెలు వచ్చేసరికి పెంటయ్య స్టూలు తుడుచుకుంటున్నాడు. ఓదెలు క్యారేజీ అతని ముందు పెట్టాడు.

"పోయేటప్పుడు జూపియ్యాలె. వచ్చేటప్పుడు గాదు" అన్నాడు పెంటయ్య.

"మేడమ్‌కు నీ పేరు నేనే చెప్పిన పెంటన్నా."

"ఎరుకే."

"అద్దం కొట్టింది నువ్వనుకున్న."

"అడగకపోతివి?"

ఒక కారు లోపలికి వచ్చింది. పెంటయ్య లేచి కర్ర చివరి అద్దంతో దాని అడుగు చూశాడు, చేయి ఊపి పంపాడు, మళ్లీ వచ్చి కూర్చున్నాడు. క్యారేజీ ఇంకా అక్కడే ఉంది. పై గిన్నె మూత కొంచెం ఎత్తి వాసన చూశాడు.

"కొర్రమట్ట."

"ఆ."

"ఎన్ని ముక్కలున్నయ్?"

"లెక్కపెట్టలే."

పెంటయ్య తలెత్తి అతని మొహం చూశాడు. నమ్మనట్టు, కారు అడుగు చూసినంత సేపు చూశాడు.

"నువ్వా?"

"లెక్కపెట్టలే అన్నా."

పెంటయ్య మూత నొక్కి పెట్టాడు. క్యారేజీని తీసి స్టూలు కిందికి, గోడ వైపుకు జరిపాడు.

"పగటీలి బువ్వ దాక ఈడ్నే ఉంటది. అప్పుడు జూస్తం" అన్నాడు.

ఓదెలు ఉత్త చేతులతో మెట్లెక్కాడు. లాబీలో దీపాలు ఇంకా వెలగలేదు. తుడిచే కర్ర తీసుకుని తొట్టి దగ్గర నుంచి మొదలుపెట్టాడు.